శ్రీశైలం దారిలో తొందర బేరం

మహాశివరాత్రి నాడు శ్రీశైలంలో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. మల్లికార్జున స్వామి దర్శనం చేసుకొని బయటకు వచ్చిన యాత్రికుడు అంగళ్ల వీధిలో నాలుగడుగులు వేశాడో లేదో, "ఇది ఒక్కటే మిగిలింది, పోతే మళ్లీ దొరకదు" అన్న కేక చెవిన పడుతుంది. అంతవరకు ఆ వస్తువు ఊసే అతని మనసులో లేదు. అయినా పక్కవాడు చేయి చాపేసరికి ఇతని చేయి జేబులోకి పోతుంది. నెల తిరిగేసరికి ఆ వస్తువు అటకెక్కుతుంది. ఒక్క వేరుశనగ పంట మీద ఏడాదంతా గడుపుకొనే రాయలసీమ రైతుకు ఆ డబ్బు చిన్నది కాదు. అది పిల్లవాని పుస్తకాల ఖర్చు కావచ్చు, తిరుగు ప్రయాణపు బస్సు చార్జీ కావచ్చు.

అవసరం లేని వస్తువును, తప్పిపోతుందేమోనన్న భయంతో, ఆలోచించకుండా కొనడం ఈ కాలపు జబ్బు అని చాలామంది అంటారు. కాని భయం కొత్తది కాదు. ఆ భయానికి పూర్వం కొన్ని అడ్డుకట్టలు ఉండేవి. అవి ఒక్కొక్కటిగా ఎట్లా తెగిపోయాయో శ్రీశైలం దారి చరిత్రలోనే చూడవచ్చు.

మూటే కాపలాదారు

శ్రీశైలం నల్లమల అడవి నడుమ, కృష్ణానది ఒడ్డున ఎత్తైన కొండ మీద ఉన్నది. శివరాత్రికి ఇక్కడ జనసమూహం చేరడం చాలా పాత ఆచారం. పాల్కురికి సోమనాథుడు రచించిన 'పండితారాధ్య చరిత్ర'లోని పర్వత ప్రకరణం ఈ క్షేత్రాన్ని, యాత్రికుల భక్తిని విస్తారంగా వర్ణిస్తుంది. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డి రాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించాడు. మెట్లు ఏర్పడినా ప్రయాణం సుఖమైనది కాలేదు. కర్నూలు వైపు నుండి వచ్చేవారు ఆత్మకూరు దాటి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కాలినడకన కైలాసద్వారం చేరుకొనేవారు. దారిలో ఎండ, దాహం, మృగభయం, దొంగల భయం. అడవి తెలిసిన చెంచులే దారికి దిక్కు.

ఇట్టి దారిలో నడిచేవాడు తన తిండి మూట తానే మోయాలి. తిరుగు ప్రయాణంలో కొన్న ప్రతి వస్తువు ఆ మూటలో చేరి భుజాన్ని కోస్తుంది. కనుక అంగడి ముందు నిలిచినవాడు "ఇది కావాలా?" అని మనసును అడగకముందే, "దీనిని మోయగలనా?" అని భుజాన్ని అడిగేవాడు. దొంగల భయం వలన చేతిలో రొక్కం కూడా స్వల్పంగానే ఉండేది. విభూతి పండు, కుంకుమ, దారపు పోగు - ఇంతకు మించి కొనడం అరుదు. బరువు, రొక్కం - ఈ రెండూ ఎవరూ నియమించని కాపలాదారులు.

1950వ దశకంలో ఘాట్ రోడ్డు ఏర్పడింది. బస్సులు కొండెక్కాయి. వృద్ధులకు, పిల్లల తల్లులకు దర్శనం సులభమైంది. ఇది గొప్ప మేలు. అయితే మొదటి కాపలాదారు ఆనాడే సెలవు తీసుకొన్నాడు. మూటను ఇక బస్సు మోస్తుంది. రెండవ కాపలాదారు చాలాకాలం నిలిచాడు. జేబులో ఉన్నంతే ఖర్చు. చివరి నోటు విప్పేటప్పుడు చేయి కొంచెం వెనుకాడేది. 2016లో యూపీఐ చెల్లింపులు మొదలైన తరువాత ఆ వెనుకాటు కూడా తగ్గింది. ఫోను చూపితే చాలు, డబ్బు కదిలిపోతుంది. అంగడికి నడిచిపోవలసిన పని కూడా లేకుండా, అంగడే ఫోనులోకి వచ్చింది. "ఇంకా రెండే ఉన్నాయి", "పది నిమిషాలలో ముగుస్తుంది" అన్న తిరునాళ్ల కేక ఇప్పుడు నట్టింట్లో అర్ధరాత్రి కూడా వినబడుతుంది.

భయం ఎట్లా పనిచేస్తుంది?

1975లో స్టీఫెన్ వర్షెల్, అతని సహచరులు అమెరికాలో ఒక సులువైన ప్రయోగం చేశారు. ఒకే రకపు బిస్కట్లను కొందరికి 10 ఉన్న జాడీ నుండి, మరికొందరికి 2 మాత్రమే ఉన్న జాడీ నుండి ఇచ్చారు. రెండే ఉన్న జాడీలోని బిస్కట్టు మీద కోరిక ఎక్కువ కనబడింది. దానికి వెల కూడా ఎక్కువ కట్టారు. ముందు 10 చూపి, ఆ పైన వాటిని 2కు తగ్గించినప్పుడు కోరిక ఇంకా పెరిగింది. ఇతరులు కావాలన్నందువలన తగ్గాయని తెలిసినప్పుడు మరింత హెచ్చింది. అయితే రుచి ఎక్కువగా ఉన్నదని మాత్రం వారు చెప్పలేదు. కొరత వస్తువు గుణాన్ని పెంచదు. మన ఆరాటాన్ని పెంచుతుంది.

దీని వెనుక మరొక స్వభావం ఉన్నది. 1979లో డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం, మానవునికి 100 రూపాయలు వచ్చిన సంతోషం కంటె 100 రూపాయలు పోయిన బాధ పెద్దది. వర్తకుడు "కొనండి" అంటే మనం లాభం లెక్క చూస్తాము. "పోతుంది" అంటే, ఇంకా మనది కాని వస్తువునే పోగొట్టుకొంటున్నట్లు బాధపడతాము. మాట ఒక్కటి మారితే తక్కెడ మొగ్గు మారిపోతుంది.

అరుదైనది ఏది?

కృష్ణా పుష్కరాలు 12 ఏళ్లకు ఒకసారి వస్తాయి. 2004 తరువాత 2016లో వచ్చాయి. మళ్లీ 2028లో రావాలి. పాతాళగంగలో పుష్కర స్నానం తప్పితే పన్నెండేళ్లు ఆగాలన్న మాట నిజమే. కాని ఒడ్డున అమ్మే ఇత్తడి చెంబు పన్నెండేళ్లకు ఒకసారి పుట్టేది కాదు. అరుదైనది దినం, వస్తువు కాదు. దినానికి గల అరుదుతనాన్ని వస్తువుకు అంటగట్టడమే తొందర బేరపు కిటుకు. అక్షయ తృతీయ నాటి బంగారం కూడా ఇటువంటిదే. కడప జిల్లాలో బంగారు వ్యాపారానికి పేరుగన్న ప్రొద్దుటూరులో ఏడాది పొడుగునా బంగారం దొరుకుతుంది. దాని ధర ప్రపంచ విపణిని బట్టి కదులుతుంది గాని, తిథిని బట్టి తగ్గదు.

వస్తువే నిజంగా అరుదైనదైతే మరింత జాగ్రత్త కావాలి. రుద్రాక్ష ఒక చెట్టు పండులోని గట్టి టెంక. దాని మీది నిలువు గాడులనే ముఖాలంటారు. లోపల గింజలు పెరిగే అరలకు అవి గుర్తులు. సాధారణంగా ఈ అరలు అయిదు, అందుచేత పంచముఖి విరివిగా దొరుకుతుంది. ఏకముఖి అత్యంత అరుదు. సరిగ్గా ఆ కారణం చేతనే, చెక్కతో చెక్కినవి, గాడులు దిద్దినవి కూడా ఏకముఖి పేర అమ్ముడుపోతుంటాయి. ఎక్స్-రే తీసి లోపలి అరలను లెక్కించే పద్ధతి పరీక్షశాలలలో ఉన్నది. కాని "ఇదే చివరిది" అన్న కేక వినగానే పరీక్ష మాట ఎవరికి తోస్తుంది? తొందర పెట్టేవాడు మొదట హరించేది డబ్బును కాదు, పరీక్షించే వ్యవధిని.

కొత్త కాపలాదారులు

ఈ మోసాన్ని చట్టం కూడా గుర్తించింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం మోసపు ఎత్తుగడలపై మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో పేర్కొన్న 13 ఎత్తుగడలలో, లేని కొరతను, లేని గడువును చూపి తొందర పెట్టడం ఒకటి. అయినా ప్రతి అంగడి ముందు చట్టం నిలబడలేదు. పోయిన కాపలాదారుల స్థానంలో ఎవరి కాపలా వారు పెట్టుకోవాలి.

మొదటిది, ఇల్లు కదలకముందే జాబితా వ్రాసుకోవడం. నిశ్చయం వీధిలో కాక ఇంటిలో జరగాలి. "ఎవరైనా చివరిది అంటే, నేను నాలుగడుగులు ముందుకు నడుస్తాను" అని ముందే అనుకొన్నవారు మాట మీద నిలబడే అవకాశం ఎక్కువ. సమయాన్ని, చర్యను ఇట్లా జతపరచి సంకల్పిస్తే ఫలితం మెరుగు పడుతుందని పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించాడు. రెండవది, జాబితాలో లేని వస్తువుకు ఒక రాత్రి గడువు ఇవ్వడం. తెల్లవారినా కావాలనిపిస్తే అది అవసరం కావచ్చు. మూడవది, అరుదైనది దినమా, వస్తువా అని వేరుచేసి చూడడం.

బిస్కట్ల ప్రయోగాన్ని తరగతిలోనూ చేయవచ్చు. ఒక సీసాలో పది పల్లీ చిక్కీలు, మరొక దానిలో రెండు పెట్టి, రెండు జట్ల విద్యార్థులను విడివిడిగా వెల కట్టమనాలి. చీటీలు విప్పిన తరువాత రెండూ ఒకే పొట్లంలోవని చెప్పితే, కొరత తమపై ఎంత పనిచేసిందో పిల్లలే లెక్క కట్టగలరు. తేడా రాకపోతే ఎందుకు రాలేదని చర్చించడమూ శాస్త్రమే.

ఇప్పటికీ ఉగాదికి కన్నడ దేశపు భక్తులు వేలాదిగా నల్లమల అడవిలో కాలినడకన శ్రీశైలానికి వస్తారు. వారి నెత్తిన చిన్న మూట మాత్రమే ఉంటుంది. బస్సులో వచ్చేవారికి, ఇంట కూర్చుండి ఫోను చూచేవారికి కూడా ఆ మూట ఒక కొలబద్ద కాగలదు. కొనబోయే వస్తువును పెచ్చెరువు దారిలో భీముని కొలను దాకా నెత్తిన మోయడానికి ఇష్టపడతామా? అవునన్నప్పుడు కొనవచ్చు. భుజం కాదన్నప్పుడు, మనసు ఎంత తొందరపడినా, భుజం మాటే వినడం మేలు.