సందేహనదిపై రెండు నెలలు

దక్షిణ అమెరికా పటమునందు మదీరా నదికి తూర్పుగా రూజ్‌వెల్టు నది యను పేరు కానవచ్చును. 1914కు పూర్వము దాని గతి ఏ పటమునందును లేదు. 1909లో దాని పుట్టుచోటును కనుగొని, అది ఎచ్చట పోయి కలియునో తెలియనందున 'సందేహనది' యని పేరిడినవాడు బ్రెజిల్ సైనికోద్యోగి కాండిడో రొండాన్. కష్టము ఒకరిది, పేరు మరియొకరిది యగుట ప్రభుత్వ సేవలో నున్నవారికి క్రొత్త సంగతి కాదు.

రొండాన్ 1865లో మాటో గ్రాసో ప్రాంతమున జన్మించెను. ఆయన పూర్వులలో ఆదివాసులు కలరు. బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయి, సైనిక విద్య నభ్యసించి, 1907 నుండి కూయబా పట్టణమునకు వాయవ్యముగా అడవులగుండ టెలిగ్రాఫు తంతి వేయించు పనికి అధిపతి యయ్యెను. అడవిజాతులవారు బాణములు వేసినను తుపాకి పేల్చరాదు, చావవలసి వచ్చినను చంపరాదు అని తన మనుష్యులకు ఆయన విధించిన కట్టడి. 1910లో ఆదివాసుల రక్షణకై నెలకొల్పిన ప్రభుత్వ శాఖకు ఆయనయే తొలి అధిపతి.

అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు 1912 ఎన్నికలలో ఓడి, మరుసటి యేడు ఉపన్యాసములకై దక్షిణ అమెరికాకు వచ్చెను. ఆ నదిని శోధింపవచ్చునని బ్రెజిల్ విదేశాంగ మంత్రి సూచింపగా, యాబదియైదేండ్ల వయసున ఆయన ఉత్సాహముతో నంగీకరించెను. 1914 ఫిబ్రవరి 27న 22 మంది ఏడు దోనెలలో బయలుదేరిరి.

రొండానుకు యాత్రకంటె కొలత ముఖ్యము. రూజ్‌వెల్టు కుమారుడు కెర్మిట్ ముందు దోనెలో సాగి, ఒడ్డున దిగి, గుర్తుకర్ర నిలుపవలెను. వెనుకనున్నవారు దూరమును, దిక్కును గణించి వ్రాసికొనవలెను. నది మెలికలు తిరుగుటచే మొదటి అరపూటలో కెర్మిట్ దాదాపు నూరుసార్లు దిగినను, సాగిన దూరము తొమ్మిది కిలోమీటర్లకు కొంచె మెక్కువ మాత్రమే. పిమ్మట బండలపై విరుచుకొనిపడు నీరు ఎదురయ్యెను. అట్టిచోట్ల దారి నరికి, దుంగలు పరచి, బరువైన దోనెలను వానిపై లాగవలసి వచ్చెను. కొన్ని దోనెలు ముక్కలయ్యెను. ఆహారము తరిగెను. సింప్లీసియో యను పడవవాడు సుడిలో మునిగిపోయెను. ఇట్లుండగా కొలత వేగిరముగా ముగింపవలెనని రూజ్‌వెల్టు పట్టుబట్టెను. రొండాన్ పద్ధతిని కొంత సడలించెనే గాని కొలతను విడువలేదు.

ఒకనాడు రొండాన్ పెంపుడు కుక్క లోబో బాణములకు గురియై మరణించెను. అడవిలో కంటికి కనబడని జనులు తమను వెంబడించుచున్నారని అందరికి తెలిసిపోయెను. రొండాన్ ప్రతీకారము తలపక, కుక్క చచ్చినచోట గొడ్డలి, పూసలు కానుకగా నుంచి వచ్చెను. ఆ జనులు సింతా లార్గా తెగవారని తరువాతివారి నిర్ణయము. వారు తలచినచో ఒక్కడును బ్రతికి బయటపడువాడు కాడు, అయినను పోనిచ్చిరి.

మనుష్యులలోనే ఒకడు ద్రోహి యయ్యెను. జూలియో యనువాడు, ఆహారము దొంగిలించుటచే తన్ను మందలించిన పైషాన్ అను తోటివానిని కాల్చిచంపి అడవిలోనికి పారిపోయెను. కనబడిన వెంటనే వానిని కాల్చవలెనని రూజ్‌వెల్టు వాదము. పట్టుకొని న్యాయస్థానమున కప్పగింపవలెనని రొండాన్ మాట. కొన్నాళ్లకు వాడు ఒడ్డున నిలిచి వేడుకొనగా దోనెలు ఆగలేదు. పిమ్మట రొండాన్ వానిని వెదకుటకు మనుష్యులను పంపినను ఫలము లేకపోయెను.

దోనెలను కాపాడబోయి కాలికి గాయము తగిలించుకొనిన రూజ్‌వెల్టు, చీము, మలేరియా జ్వరములతో లేవలేని స్థితిలో పడెను. తన్ను విడిచి సాగుడని కోరినను కుమారుడు వినలేదు. ఏప్రిల్ 15న రబ్బరు సేకరించువారి గుడిసె యొకటి కనబడెను. 26న, ఎదురువచ్చుటకై ముందుగా పంపబడిన సహాయక బృందమును కలిసికొనిరి. తిరిగివచ్చినవారు 19 మంది.

అట్టి నది కలదనుటనే కొందరు శంకింపగా, 1927లో మరియొక బృందము ఆ మార్గముననే పయనించి దానిని స్థిరపరచెను. అప్పటికి రూజ్‌వెల్టు మరణించి ఎనిమిదేండ్లు. రొండాన్ 1958 వరకు జీవించెను. అంతకు రెండేండ్ల ముందు ఒక విశాల ప్రాంతమునకు రొండోనియా యని ఆయన పేరిడిరి. ఆయన స్థాపించిన రక్షణశాఖ మాత్రము క్రమముగా చెడి, తాను కాపాడవలసినవారిపైననే దౌర్జన్యములు సాగించినదన్న ఆరోపణలకు గురియై 1967లో రద్దయ్యెను. 1914లో ఆ యాత్రికులను పోనిచ్చిన సింతా లార్గా వారి గ్రామ మొకదానిపై, 1963లో, రబ్బరు వర్తకుల మనుష్యులు విమానము నుండి డైనమైటు విసరిరి.