రేడియేషన్ వలయాలు: ఘనత ఎవరిది?

భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాలను 1958 జనవరి 31న ఎగిరిన ఎక్స్‌ప్లోరర్-1 కనిపెట్టిందని ఎక్కడ చూసినా రాస్తారు. ఇది తప్పు కాదు గానీ అసలు సంగతిని మరుగుపరుస్తుంది.

విశ్వకిరణాలు పైనుంచే వస్తాయని 1912లో విక్టర్ హెస్ బెలూనెక్కి తేల్చాడు. ఆ కిరణాలనే లెక్కించడానికి ఎక్స్‌ప్లోరర్-1లో కౌంటర్ పెట్టిన జేమ్స్ వాన్ అలెన్ కూడా బెలూన్ల నుంచి చిన్న రాకెట్లు వదిలి అనుభవం గడించినవాడే.

చిక్కంతా 1957-58లోని కొద్ది నెలల్లోనే ఉంది. 1957 నవంబరులో సోవియట్ శాస్త్రవేత్త సెర్గేయ్ వెర్నోవ్ బృందం స్పుత్నిక్-2లో కణాలను లెక్కించే గైగర్ కౌంటర్లు పెట్టింది. రికార్డర్ లేదు. సోవియట్ నేల మీదుగా, తక్కువ ఎత్తులో పోతున్నప్పుడు అందిన సంకేతాలే వాళ్లకు ఆధారం. లెక్క పెరిగినా అది సూర్యుడి ప్రభావమనుకున్నారు. ఎక్స్‌ప్లోరర్-1కూ రికార్డర్ లేదు. కింద సెకనుకు సుమారు 30 కణాలను లెక్కించిన కౌంటర్, దక్షిణ అమెరికా మీద బాగా ఎత్తుకు పోగానే సున్నా చూపింది. మార్చి 26న వెళ్లిన ఎక్స్‌ప్లోరర్-3 టేపులో కక్ష్య మొత్తం లెక్క దొరికింది: పెరుగుతూ పోయి హఠాత్తుగా సున్నా, కొంతసేపటికి మళ్లీ లెక్క. వాన్ అలెన్ బృందంలోని కార్ల్ మెకిల్‌వైన్ అలాంటి కౌంటర్‌నే ఎక్స్-కిరణాల ముందు పెట్టి చూశాడు. తాకిడి మితిమీరితే అది మూగబోతుందని తేలింది. మే 1న వాన్ అలెన్ వలయాల సంగతి ప్రకటించాడు. అందుకే ఈ ఘనతలో పెద్దవాటా ఆ టేపుదే అంటాను. అది వెర్నోవ్‌కు ఉండి ఉంటే ముందే తేలేదని ఖాయంగా చెప్పలేం, అవకాశం మాత్రం ఉండేది.

మన అంతరిక్ష చరిత్రను 1963 నాటి తుంబా రాకెట్‌తో మొదలుపెట్టడమూ ఇలాంటి అరకొర కథనమే. హోమీ భాభా 1940ల్లోనే బెలూన్లతో విశ్వకిరణాలను పరిశీలించాడు. అలాంటి బెలూన్లకు హైదరాబాదు అనువైన చోటు, అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. భూమి అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి కణాలను ఇక్కడికి చేరనివ్వదు, కాబట్టి అంతరిక్షం నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను వెదికేవారికి అడ్డు తక్కువ. టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం 1969లో ఇక్కడ స్థిరపడింది. 1975లో మన ఆర్యభట్ట ఉపగ్రహంలో ఎక్స్-కిరణాల, గామా కిరణాల పరికరాలు వెళ్లాయి గానీ, విద్యుత్ లోపంతో నాలుగైదు రోజులకే ఆగిపోయాయి.

2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో ఆవేశిత కణాలను కొలిచే పరికరం ఉంది. కానీ దాని ముఖ్యమైన పని వలయాల కణాల నుంచి మిగతా పరికరాలను కాపాడటమే. వలయాలను తప్పించుకోవడం మనకు బాగా వచ్చింది. వాటినే శోధించాలన్న పట్టుదల ఇంకా చాలదు.

ఇక ఇక్కడి బెలూన్ల విషయంలో మనం చేయగలిగింది ఒకటుంది. హైదరాబాదు బెలూన్లు మోసే పరికరాల పెట్టెలు గాలివాటున నిజామాబాదు జిల్లాలోనూ దిగవచ్చు. ఆర్మూరు పసుపు చేలలో రంగు పారాచూట్‌తో పెట్టె కనబడితే ముట్టకండి, విప్పకండి, పోలీసులకు చెప్పండి. అందులో ఉండేది శాస్త్రవేత్తల కష్టార్జితం.