స్వాతి ముత్యం (1986 సినిమా)

స్వాతి ముత్యం 1986 మార్చి 13న విడుదలైన తెలుగు సాంఘిక చిత్రం. కె.విశ్వనాథ్ దర్శకత్వంలో పూర్ణోదయా మూవీ క్రియేషన్స్ పతాకంపై ఏడిద నాగేశ్వరరావు దీనిని నిర్మించారు. కమల్ హాసన్, రాధిక ప్రధాన పాత్రధారులు. సంపన్నుల ఇంటి కోడలై, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకొని, బిడ్డతో అన్న పంచన చేరిన యువతి మళ్ళీ జీవితాన్ని నిలబెట్టుకోవడం ఇందులోని ఇతివృత్తం. చిత్రీకరణలో కొంత భాగం గోదావరి తీరాన రాజమండ్రి, తొర్రేడు, పట్టిసీమలలో జరిగింది.

కథ

లలిత (రాధిక) సంపన్న కుటుంబానికి చెందిన యువకుని ప్రేమించి వివాహం చేసుకుంటుంది. అతని తండ్రి ఈ పెళ్ళిని అంగీకరించడు. ప్రమాదంలో భర్త మరణించడంతో అత్తవారింట ఆమెకు ఆదరణ లేకుండా పోతుంది. కుమారునితో అన్న చలపతి (శరత్ బాబు) ఇంటికి చేరుతుంది. అన్నకు చెల్లెలిపై ప్రేమ ఉన్నా, వదిన సూటిపోటి మాటల నుండి ఆమెను కాపాడలేకపోతాడు. ఇంటి చాకిరీ అంతా లలితపై పడుతుంది.

అదే ఊరిలో శివయ్య (కమల్ హాసన్) తనను సాకిన వృద్ధురాలి (నిర్మలమ్మ) వద్ద ఉంటాడు. వయసు వచ్చినా పసివాని మనసు గలవాడు. లలిత కష్టాలు తీరాలంటే ఎవరైనా ఆమెను పెళ్ళి చేసుకోవాలన్న మాట విని, శ్రీరామనవమి వేడుకలలో అందరి ఎదుట ఆమె మెడలో తాళి కడతాడు. ఊరు భగ్గుమంటుంది. నివ్వెరపోయిన లలితకు ఆ వృద్ధురాలు అండగా నిలుస్తుంది. ఆమె మరణానంతరం దంపతులు ఊరు విడిచి పట్నం చేరుతారు. సంగీత గురువు (జె.వి.సోమయాజులు) లలితకు ఆసరా ఇస్తాడు. బాధ్యత ఎరుగని శివయ్య క్రమంగా సంసార భారం మోయడం నేర్చుకుంటాడు. చివరకు లలిత అతని చేతులలో కన్నుమూస్తుంది. వృద్ధుడైన శివయ్య ఆమె గుర్తుగా తులసి మొక్కను తీసుకొని పిల్లల వెంట వెళ్ళడంతో కథ ముగుస్తుంది.

నేపథ్యం

వితంతువుల పునర్వివాహానికి 1856 చట్టం అనుమతి ఇచ్చింది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలోనే తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ తరువాత వందేళ్ళు గడచినా లోకం అంగీకరించని స్థితిని ఈ చిత్రం చూపుతుంది. అయితే ఇక్కడ తాళి కట్టినవాడు సంఘ సంస్కర్త కాడు. తాను చేసిన పని ఎంత పెద్దదో ఎరుగని అమాయకుడు. తాళి కట్టే ముందు లలిత సమ్మతి ఎవరూ అడగరు. ఆ పెళ్ళిని తనదిగా చేసుకోవడానికి ఆమె పడిన మానసిక సంఘర్షణే ద్వితీయార్ధానికి బలం. అన్న ఇల్లు ఆమెకు నీడనిచ్చింది గాని గౌరవం ఇవ్వలేదు. ఆమె గౌరవం పొందినది తాను కట్టుకొన్న కుటుంబంలోనే.

సాంకేతిక వర్గం, సంగీతం

ఛాయాగ్రహణం ఎం.వి.రఘు, కూర్పు జి.జి.కృష్ణారావు. ఇళయరాజా సంగీతం సమకూర్చగా, ఆత్రేయ, సి.నారాయణరెడ్డి పాటలు రాశారు. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, ఎస్.జానకి, పి.సుశీల గానం చేశారు. "సువ్వి సువ్వి", "మనసు పలికే", "వటపత్రశాయికి" జనాదరణ పొందాయి. వీటిలో చివరిది తెలుగు ఇళ్ళలో జోలపాటగా నిలిచిపోయింది.

పురస్కారాలు

* జాతీయ పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రం
* నంది పురస్కారాలు: ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటుడు
* ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ తెలుగు దర్శకుడు
* 59వ ఆస్కార్ పురస్కారాలలో ఉత్తమ విదేశీ భాషా చిత్రం విభాగానికి భారతదేశం తరఫున అధికారిక ప్రవేశం. తుది పోటీకి ఎంపిక కాలేదు. ఈ విభాగానికి దేశం తరఫున వెళ్ళిన తొలి తెలుగు చిత్రం ఇదే.

విశేషాలు

* శంకరాభరణం (1980), సాగరసంగమం (1983) తరువాత విశ్వనాథ్, ఏడిద నాగేశ్వరరావు కలయికలో వచ్చిన చిత్రమిది.
* నిర్మాత ఏడిద నాగేశ్వరరావు తూర్పు గోదావరి జిల్లావాసి. 2015లో మరణించారు. విశ్వనాథ్ 2023 ఫిబ్రవరి 2న మరణించారు.
* శివయ్య మనుమడిగా అల్లు అర్జున్ బాలనటుడిగా కనిపిస్తాడు.
* తమిళంలో సిప్పిక్కుళ్ ముత్తు పేరుతో అనువాదమైంది. హిందీలో ఈశ్వర్ (1989) పేరుతో విశ్వనాథ్ స్వయంగా పునర్నిర్మించారు. అనిల్ కపూర్, విజయశాంతి నటించారు. కన్నడంలో సుదీప్, మీనాలతో స్వాతి ముత్తు (2003)గా వచ్చింది.