గుడారాల రాజధానిలో మా అమ్మ వంటిల్లు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల గురించి ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగినారు. ఆ రోజుల ముచ్చట ఎవరు చెప్పినా ప్రకాశం పంతులు గారితో మొదలవుతుంది. నేను మా అమ్మతో మొదలుపెడతాను, మిత్రులు మన్నించాలి. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. మా వంటింటి గడపలో కూర్చుంటే కనబడినంత రాజధానే నాకు తెలుసు.

1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు ఈ రెండింటిలో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమకు ఇచ్చినారు. అట్లా రాజధాని మనకు వచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. 1953 అక్టోబరు 1న నెహ్రూ గారు కర్నూలు వచ్చి ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించినారు. ఊరేమో చిన్నది. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేసినారు. ఎండకు లోపల ఉడికిపోయేవారు, గాలి లేస్తే ఫైళ్ల వెంట బంట్రోతులు పరుగెత్తేవారు. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలకు అద్దె ఇండ్లు దొరికేవి కావు.

మాది పాతబస్తీలో మట్టిమిద్దె. నాయన కొత్త సెక్రటేరియట్‌లో గుమాస్తాగా చేరినాడు. చేరిన నెలకే నలుగురు కోస్తా పిల్లోళ్లను వెంటబెట్టుకుని వచ్చి, "వీళ్లకు కూడు దొరకడం లేదు, నాలుగు దినాలు పెట్టు" అన్నాడు. ఆ నాలుగు దినాలు మూడేండ్లయినాయి. నలుగురు ఆరుగురయినారు. మా పడసాల వాళ్లకిచ్చి, మేము జేజితో సహా లోపలి గదిలో పడుకునేవాళ్లం.

కొత్తలో వాళ్లకు జొన్నరొట్టె గొంతు దిగలేదు. రెండుపూటలా బియ్యపు అన్నమే కావాలన్నారు. మా ఇంట్లో వరన్నం పండగనాటి మాట. అమ్మ వాళ్లకు అన్నం వండి, మాకు రొట్టె కాల్చేది. ఆరు నెలలయినాక వాళ్లలో ఒకాయన, "అక్కా, ఆ రొట్టె, శనక్కాయల పొడి నాకూ పెట్టు" అని మా వరసలో వచ్చి కూర్చున్నాడు. ఆ దినం అమ్మ నవ్వు చూడాల. నీళ్లు మాత్రం ఏ రాజధానీ మోసి పెట్టలేదు. ఎండాకాలం తెల్లారకముందే తుంగభద్ర ఇసుకలో చెలమ తోడి, బిందె నెత్తిన పెట్టుకుని మూడుసార్లు తిరిగేది.

అమ్మ చదివింది మూడో తరగతి. అయినా పద్దు పుస్తకం రాసేది. మనిషికి నెలకు పాతిక రూపాయలు. రూపాయలు, అణాలు, పైసలు మూడు వరసల్లో ఉండేవి. డబ్బు ముట్టిన పేరుకెదురుగా 'చెల్లు' అని రాసేది. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయిన రాత్రి మా పడసాలలో ఒకటే వాదులాట, ఎవ్వరూ అన్నానికి లేవలేదు. ఆ తారీఖు కింద అమ్మ పద్దులో ఉన్నది ఒక్కటే మాట: 'రాత్రి అన్నం మిగిలె'.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని హైదరాబాదుకు పోయింది. మా ఆరుగురూ పోయినారు. నాయనకూ పోయే అవకాశం ఉండింది, పోలేదు. జిల్లా ఆఫీసులో వేయించుకుని గుమాస్తాగానే చాలాకాలం ఉండిపోయినాడు. అమ్మ ఊరు కదలనన్నదనీ, అందుకే ఆయన ఆగిపోయినాడనీ బంధువులందరూ అనేవారు. పెండ్లిండ్లలో ఆమె ముందరే అనేవారు. ఆమె విస్తర్లు వేసుకుంటూ పోయేది.

నేనూ అన్నాను. 1969లో, నాకు కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు, ఏదో మాట మీద మాట పెరిగి "నీవల్లనే నాయన ఈడ పడిపోయినాడు" అన్నాను. ఆమె నా వైపు చూసి, "పులుసు సల్లారిపోతాంది, తిను" అనింది.

1984లో నాయన పోయేదానికి రెండు నెలల ముందు, మంచంలో పడుకుని తానుగా చెప్పినాడు. అమ్మ ఆనాడే ట్రంకు పెట్టె సర్దుకుని ఉండిందట. జేజిని ఎట్లా తీసుకుపోవాల్నో కూడా ఆలోచించి పెట్టిందట. భయపడింది ఆయనే. అంత పెద్ద ఊళ్లో, ఇంగ్లీషు ఫైళ్ల మధ్య నెగ్గుకు రాలేననుకున్నాడు. అడిగినవాళ్లకు "ఇంట్లో ఆమె వద్దంటాంది" అని చెప్పినాడు. నేను వంటింట్లోకి పోయి అమ్మను అడిగినాను. "ఆ మాట ఆయన మీదుంటే ఆఫీసులో తల ఎత్తుకుంటాడా? నా మీదుంటే నాకేం పోయింది?" అనింది. 1969 మాట ఎత్తబోయినాను. ఎత్తనీయలేదు.

ఆమెను దేవతగా చెప్పబోవడం లేదు. నోటి దురుసు మనిషి. మనవళ్లలో పెద్దవాడంటే పక్షపాతం, దాచిపెట్టి మరీ ఓళిగలు పెట్టేది. చిన్నవాడు ఇప్పటికీ ఆ లెక్క మరిచిపోలేదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినాయి. అప్పటికి మట్టిమిద్దె తీసి స్లాబు ఇల్లు కట్టినాము. ఎనభై ఒక్కేండ్ల అమ్మను మోసుకుని మిద్దె ఎక్కినాము. నీళ్లు తీసినాక ఇంట్లో మోకాలెత్తు బురద. ట్రంకు పెట్టెలో పద్దు పుస్తకం ముద్దయింది. దాన్ని ఎండకు పెట్టి, వారం దినాలు తానే కాకుల్ని తోలుతూ కూర్చుంది. సగం కాగితాలు విడినాయి, సగం విడలేదు.

విడిన వాటిలో 1956 అక్టోబరు పుట ఉంది. ఐదు పేర్లకెదురుగా 'చెల్లు' అని ఉంది. ఆరో పేరుకు రెండు నెలల బాకీ. అది రొట్టె అడిగినాయన పేరు. పెద్ద మనవడు, "జేజీ, ఆయన మళ్లా పంపలేదా?" అని అడిగినాడు. "పంపలేదురా. హైదరాబాదులో ఇంటి బాడుగలు శానా ఎక్కువంట" అనింది.

2013లో అమ్మ పోయింది. పుస్తకం నా దగ్గరే ఉంది.