రికార్డర్ కొంటున్నారా? కచేరీకా.. అడవికా.. ముందు అది తేల్చుకోండి

తిరుపతి: ధర్మరాజుల గుడి దగ్గర పగలు భారతం హరికథ, రాత్రి వీధి నాటకం. మహతి ఆడిటోరియంలో వీణ కచేరీ. తలకోనలో తెల్లవారుజామున పికిలిపిట్టల కూతలు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో దాచుకోదగ్గ శబ్దాలకు కొదవ లేదు. ఫోన్‌తో తీస్తే బొమ్మ బాగానే వస్తుంది. సౌండ్ దగ్గరే తేడా కొడుతుంది. అందుకే చాలామంది చేతిలో పట్టే చిన్న డిజిటల్ రికార్డర్ కోసం వెతుకుతున్నారు. అయితే కచేరీకి పనికొచ్చే మెషీన్ అడవిలోనూ అంతే బాగా పనిచేస్తుందనుకుంటే పొరపాటే.

ముందు ఫోన్ సంగతి. చాలా ఫోన్లలో సౌండ్ లెవెల్‌ను ఫోనే సర్దేస్తుంది. మృదంగం గట్టిగా పడితే తగ్గిస్తుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ రాగానే పెంచేస్తుంది. తని ఆవర్తనం రికార్డ్ చేసి వింటే ఆ ఖాళీల్లో ఫ్యాన్ చప్పుడు, జనం దగ్గులు పైకి లేస్తాయి. మాటలకు ఇది మంచిదే. సంగీతానికి మాత్రం పనికిరాదు. రికార్డర్‌లో కూడా 'ఆటో లెవెల్' ఉంటుంది, కచేరీకి దాన్ని ఆఫ్ చేసుకోవాలి.

నాదస్వరం, డోలు దగ్గర సమస్య శబ్దం ఎక్కువ కావడం. లెవెల్ పరిమితి దాటితే సౌండ్ చీలిపోతుంది, తర్వాత ఎడిటింగ్‌లో బాగుచేయడం కష్టం. 24-బిట్‌లో పెట్టుకుని, గట్టిగా వాయించినప్పుడు కూడా మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే చాలు. ఇప్పుడొచ్చే 32-బిట్ ఫ్లోట్ రికార్డర్లలో ఈ తలనొప్పి తక్కువ. జూమ్ హెచ్1 ఎసెన్షియల్ ఈ రకమే. లెవెల్ సెట్ చేయడం మర్చిపోయినా తర్వాత తగ్గించుకోవచ్చు. కానీ మైక్ తట్టుకోగల హద్దు వేరే ఉంటుంది. దీని మైక్‌ది 120 డెసిబెల్స్. సన్నాయి గొట్టం ముందే పెడితే ఏ బిట్టూ కాపాడదు.

అడవిలో కథ పూర్తిగా రివర్స్. అక్కడ శబ్దం చాలా తక్కువ, దూరం ఎక్కువ. దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. గెయిన్ పెంచితే పిట్ట కూతతో పాటు రికార్డర్ సొంత 'స్..' శబ్దం కూడా పెరుగుతుంది. దీన్నే సెల్ఫ్ నాయిస్ అంటారు. బాక్సు మీద 96 కిలోహెర్ట్జ్, 32-బిట్ అని పెద్దక్షరాలతో వేస్తారు కానీ ఈ నంబర్ వేయరు. స్పెసిఫికేషన్లలో 'ఈఐఎన్' అనే అంకె వెతకాలి. మైనస్ 120 కంటే మైనస్ 127 మేలు. 32-బిట్ ఫ్లోట్ ఉంటే హిస్ పోతుందనేది షాపుల్లో తరచూ వినిపించే మాట. అది నిజం కాదు. మైక్‌లోనే పుట్టిన హిస్ ఏ ఫార్మాట్‌లోకి మార్చినా హిస్సే.

ఇది ఎంత ముఖ్యమో పక్క జిల్లా కడపలోని కలివి కోడి చెబుతుంది. 1848లో జెర్డాన్ వెలుగులోకి తెచ్చిన ఈ పక్షి అంతరించిందనుకున్నాక 1986లో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి, చీకటి పడ్డాక కాసేపే కూస్తుంది. దాని కూత రికార్డింగుల వివరాలు 2004లో అచ్చయ్యాయి. కంటికి కనిపించని పక్షి ఉందా లేదా అని తేల్చడానికి అలాంటి కూతే ఆధారం. హిస్‌లో కలిసిపోతే ఆధారమూ పోయినట్టే.

మరి ఏది కొనాలి? కచేరీలు, భజనలే ఎక్కువైతే జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లేదా టాస్కామ్ డీఆర్-05ఎక్స్ సరిపోతాయి. మొదటిదాంట్లో మైకులు ఎదుటి శబ్దాన్ని ఎక్కువ పట్టుకుంటాయి. రెండోదాంట్లో అన్ని వైపులా సమానంగా వింటాయి కాబట్టి చుట్టూ కూర్చుని పాడే పండరి భజనకు, నేలపట్టు గూడబాతుల గోలకు బాగుంటుంది. డీఆర్-05ఎక్స్‌లో ఇంకో సౌకర్యం, బటన్ నొక్కడానికి 2 సెకన్ల ముందు శబ్దం కూడా సేవ్ అవుతుంది. పిట్ట మీ కోసం ఆగదు కదా.

ఒక్క పిట్ట కూతే స్పష్టంగా కావాలంటే ఈ రెండూ నిరాశపరుస్తాయి. జూమ్ ఎఫ్3 లాంటి తక్కువ నాయిస్ రికార్డర్, దానికి విడిగా మంచి మైక్ కొనాలి. ఎఫ్3లో సొంత మైక్ ఉండదు, ఖర్చు కూడా బాగా పెరుగుతుంది. రాత్రంతా అడవిలో వదిలేసి రావడానికి 'ఆడియోమాత్' అనే చిన్న పరికరం ఉంది. పరిశోధకులు వాడేది అదే.

ఏది కొన్నా మైక్‌కు బొచ్చు తొడుగు తప్పనిసరి. శేషాచలం కొండల గాలికి స్పాంజి ఆగదు. గాలి గుబగుబను లో-కట్ ఫిల్టర్ కొంత తగ్గిస్తుంది. తలకోన జలపాతం హోరును మాత్రం తీయలేదు, దూరం జరగాల్సిందే.

ఫైల్ ఎంపీ3 కాకుండా వేవ్‌లో ఉంచండి. వీడియోకు జతచేయాలంటే 48 కిలోహెర్ట్జ్, 24-బిట్ బెస్ట్. స్టీరియోలో నిమిషానికి 17 ఎంబీ అవుతుంది, అంటే 32 జీబీ కార్డులో దాదాపు 30 గంటలు. బ్యాటరీయే ముందు అయిపోతుంది.

శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కులోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. తిరుమల ఆలయంలోకి ఫోన్లు, కెమెరాల లాంటివేవీ అనుమతించరు. రికార్డ్ చేసిన కూతను అక్కడే ప్లే చేసి పక్షిని పిలిచే అలవాటు వద్దు, గూడు కట్టే రోజుల్లో అది పక్షిని బెదరగొడుతుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచుల్లో అయితే చీకట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడటం అసలు మంచిది కాదు. వెనకొచ్చే ఏనుగు చప్పుడు వినపడదు.

చివరగా ఖర్చు లేని పని ఒకటి. రికార్డింగ్ మొదట్లోనే తేదీ, ఊరు, పాడేవారి పేరు లేదా చెట్టూ చేమా వివరం నోటితో చెప్పేయండి. పదేళ్ల తర్వాత ఫైల్ తెరిచినప్పుడు ఆ గొంతు ఎవరిదో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.