ఐపీ పెట్టినా ఆగని పెన్షను

ఇక్కడ అమెరికాలో బస్సు వెనక ఓ లాయరు నవ్వుతుంటాడు. కింద ‘అప్పులవాళ్ల ఫోన్లు ఇవాళే ఆపిస్తాను’ అని ఉంటుంది. ఐపీ పెట్టడాన్ని పళ్లపొడిలా అమ్ముకోవడం చూసి కొత్తలో నోరెళ్లబెట్టాను. మనూళ్లో ఐపీ పెట్టినవాడు తెల్లారేసరికి ఇంటికి తాళమేసి మాయమవుతాడు. చీటీలు కట్టిన ఆడవాళ్లు ఆ తాళానికే శాపనార్థాలు పెడతారు.

మా పక్కింటి పెద్దాయన మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆస్పత్రి బిల్లులూ క్రెడిట్ కార్డులూ మీదపడితే దివాలా చట్టంలోని చాప్టర్ సెవెన్ కింద పిటిషన్ వేసి, మర్నాడు యథాప్రకారం పెరట్లో గడ్డి కోసుకున్నాడు. పిటిషన్ పడ్డ క్షణం నుంచే వసూళ్లకు స్టే, విడిగా జడ్జి ఉత్తర్వు అక్కర్లేదు. సోషల్ సెక్యూరిటీ పెన్షను నెలనెలా పడుతూనే ఉంది.

ఈ దేశం మొదట్నుంచీ ఇంత దయగలదేం కాదు. రాబర్ట్ మోరిస్ వాషింగ్టన్ సైన్యానికి డబ్బు సర్దినవాడు, స్వాతంత్ర్య ప్రకటన మీదా రాజ్యాంగం మీదా సంతకం చేసినవాడు. తర్వాత భూముల పిచ్చి పట్టి, అప్పు మీద అప్పు చేసి కొన్నాడు. (మన రియల్ ఎస్టేటు వాళ్లు వినదగ్గ కథ.) ఫిలడెల్ఫియాలో ఓ మహాసౌధం మొదలుపెడితే జనం దాన్ని ‘మోరిస్ వెర్రి’ అన్నారు. అది పూర్తికాకముందే, 1798లో, ప్రూన్ స్ట్రీట్ అప్పుల జైల్లో పడ్డాడు. వాషింగ్టన్ అంతటివాడు ఆ జైలుకే వెళ్లి ఆయనతో కలిసి భోంచేశాడు. భోజనమైతే అయింది గానీ జైలు తప్పలేదు. 1800లో దివాలా చట్టం వచ్చాక మరుసటేడు బయటపడ్డాడు.

ఆ తర్వాత చట్టాలు వచ్చాయి, పోయాయి. ఆ తారీఖులు మీకెందుకు! 1935లో, మహామాంద్యం నడుమ, రూజ్‌వెల్ట్ తెచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టంలోనే రాసేశారు: ఈ డబ్బుని అప్పులవాడు జప్తు చెయ్యకూడదు, దివాలా చట్టమూ తాకకూడదు. 1940లో వెర్మాంట్‌కు చెందిన ఐడా మే ఫుల్లర్ అందుకున్న తొలి నెలవారీ చెక్కు 22.54 డాలర్లు. ఆ కాస్తకీ అంత కాపలా అన్నమాట. అయినా బ్యాంకులు ఖాతాలు బిగించేస్తుంటే, రెండు నెలల పెన్షనుని అవి తమంతట తామే కాపాడాలని 2011లో నిబంధన పెట్టాల్సి వచ్చింది. ఆంధ్రలో రైతు భరోసా డబ్బుని పాత బాకీకి జమ వేసుకోకుండా బ్యాంకుల్ని కట్టడి చేశారే, అదే తగువు.

నాకు మింగుడుపడనిది వేరే. బయటివాణ్ణి ఆపిన సర్కారు, తన బాకీకి మాత్రం దారి తెరుచుకుంది. 1996 చట్టం ప్రకారం కేంద్రానికి బాకీపడితే పెన్షన్‌లో 15 శాతం దాకా కోసుకోవచ్చు, నెలకి 750 డాలర్లు మిగిలిస్తే చాలు. ఆ 750ని దశాబ్దాలు గడిచినా పెంచలేదు. పిటిషన్ నడుస్తున్నంతకాలం ఈ కోతకీ స్టే ఉంటుంది. అయిపోయాక, రద్దుకాని బాకీ మళ్లీ లేస్తుంది. విద్యారుణాలు ఆ జాబితాలోవే, 1976 నుంచీ కాంగ్రెస్ వాటి ముడి బిగిస్తూనే వచ్చింది.

పెద్దాయనకి కార్డుల బాకీ కొట్టేశారు. కూతురి చదువుకి తన పేరున తీసుకున్న సర్కారు రుణం అలాగే ఉంది. మొన్న ఆయనకి ఊళ్లో మా పిన్ని సంగతి చెప్పాను, ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం అమ్మాయి వచ్చి పెన్షను చేతిలో పెట్టి వెళ్తుందని. చెబుతుంటే ఊరి మీద బెంగ పుట్టుకొచ్చింది. ‘బ్యాంకే లేదా? మరి కోసుకునేదెవరు?’ అన్నాడాయన. వీధి చివరి వడ్డీ వ్యాపారి గురించి చెప్పడం మొదలుపెట్టాను.