కాటన్ దొర ముసలితనం

మా హైదరాబాదు పాతబస్తీ ఆడవాళ్లకు నది అంటే మూసీయే. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద కథ అమ్మమ్మల నోట వినని ఇల్లు శాలిబండలోగాని, లాల్‌దర్వాజాలోగాని అరుదు. ఆ తరువాత విశ్వేశ్వరయ్యగారు వచ్చి చూసి, పైన చెరువులు కట్టాలన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగి పెరిగినవాళ్లం కనుక ఇంజనీరు అనే మనిషికి చేతులు జోడించటం మాకు కొత్త కాదు.

అయినా గోదావరి జిల్లాలనుంచి మా బస్తీకి కోడళ్లుగా వచ్చినవారు కాటన్ దొర పేరు ఎత్తే తీరు చూస్తే మాకు ఆశ్చర్యమే. వాళ్లకు ఆయన అపర భగీరథుడు. స్నాన సంకల్పంలో ఆయన పేరు చేర్చి చెప్పిన పురోహితులు ఉన్నారని ఆ వైపు పెద్దలు చెబుతారు. మన ట్యాంక్‌బండు మీద కూడా ఆయన విగ్రహం పెట్టారు. అక్కడికి పిల్లల్ని తీసుకువెళ్లి, ఈయనెవరో తెలుసా అని అడిగితే, ఆనకట్ట కట్టిన దొర అని టక్కున చెబుతారు. అంతటితో కథ అయిపోతుంది.

కాని ఆనకట్ట పూర్తి అయ్యేనాటికి ఆయనకు నలభై తొమ్మిదేళ్లే. ఆ తరువాత మరో నలభై ఏడేళ్లు బతికారు. అంతకు ముందు యుద్ధం చేశారు. జీవితమంతా బైబిలు పట్టుకుని ప్రార్థనలు చేశారు. మనం ఆయన్ని ఋషిని చేసుకునే హడావుడిలో ఆ సిపాయినీ, ఆ భక్తుణ్ణీ, చివరికి ఆ ముసలాయన్నీ కూడా వదిలేశాం. ఇవాళ ఆ ముగ్గురి గురించే నాలుగు మాటలు.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. పదకొండుమంది అన్నదమ్ముల్లో పదోవారు. అంతమంది మగపిల్లలున్న ఇంట్లో తల్లి పడిన పాటు ఏ చరిత్రకారుడూ రాయలేదు లెండి! పదిహేనో ఏట కంపెనీవారి సైనిక పాఠశాలలో చేరి, పద్దెనిమిదో ఏట, 1821లో, మద్రాసు వచ్చారు. ఉద్యోగం మద్రాసు ఇంజనీర్ల దళంలో. 1824లో బర్మా యుద్ధం మొదలైతే ఆ కుర్రవాణ్ణి అక్కడికి పంపారు.

ఆ యుద్ధం రెండేళ్లు సాగింది. కంపెనీ తరఫున వెళ్లిన నలభై వేలమందిలో దాదాపు పదిహేను వేలమంది తిరిగి రాలేదు. తుపాకి దెబ్బకంటె జ్వరాలూ, రక్త విరేచనాలూ తీసుకుపోయిన ప్రాణాలే ఎక్కువ. వాళ్లలో మన మద్రాసు సిపాయిలు ఎందరో. కాటన్ కోటల ముట్టడిలో ముందు వరుసలో నడిచారు, బతికి వచ్చారు. మా బస్తీలోనూ పింఛను సిపాయిల్ని చూశాం. యుద్ధం ఎలా ఉంటుంది తాతా అని అడిగితే ఆ రోజుల్లో తిన్న రొట్టె గురించి, మోసిన మూట గురించి చెబుతారుగాని చావుల సంగతి ఎత్తరు. కాటన్ కూడా ఆ తరువాత మాట్లాడినదంతా ఇసుక గురించి, సున్నం గురించి, నీళ్ల గురించి. ఆ యుద్ధం అయిన కొత్తలోనే ఆయనకు దైవభక్తి బాగా గాఢమైంది. చావును అంత దగ్గరగా చూసిన ఇరవై మూడేళ్ల వాడికి అది సహజమే అనిపిస్తుంది నాకు.

ఆదివారం చర్చికి వెళ్లి వస్తే తీరిపోయే భక్తి కాదది. ఒకసారి సెలవుమీద ఇంగ్లండు వెళ్లి, భూమార్గాన తిరిగి వస్తూ బాగ్దాదులో గ్రోవ్స్ అనే మత ప్రచారకుణ్ణి కలుసుకున్నారు. ఆ పరిచయంతోనే గ్రోవ్స్ 1833లో ఇండియాకు వచ్చారు. ఆయన పిలుపుమీద 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా వచ్చి గోదావరి ఒడ్డున నరసాపురం ప్రాంతంలో స్థిరపడ్డారు. ఇవాళ డెల్టాలో కనిపించే ఎన్నో చిన్న చిన్న సంఘాలకు మొదలు అక్కడ ఉంది. ఈ సంగతి చెబితే కొందరు ముఖం చిట్లిస్తారు. మరికొందరు ఇదొక్కటే చెప్పి ఆనకట్టను మరిచిపోతారు. ఆ మనిషిలో రెండూ ఒకటిగానే ఉన్నాయి. మనకోసం విడదీయటం కుదరదు.

1833లో గుంటూరు సీమలో వచ్చిన కరువు మీరు వినే ఉంటారు. అయిదు లక్షల జనాభాలో రెండు లక్షలమంది పోయారని అంచనా. గోదావరి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలున్న జనం 1841నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయారు. పక్కనే అంత పెద్ద నది సముద్రంలోకి పోతూ ఉంటే! కాటన్ అంతకు ముందే కావేరి దగ్గర కొల్లిడం మీద ఆనకట్టలు కట్టి ఉన్నారు. ఇసుకలో పునాది వేసే విద్య తాను నేర్చుకున్నది చోళుల కాలంనాటి కల్లణ కట్టినవారి దగ్గరేనని దాచుకోకుండా రాశారు కూడా. 1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది. కొండ రాయి కొట్టి, పట్టాలమీద నదిదాకా తెచ్చి, నాలుగు పాయలకు అడ్డంగా రెండు మైళ్లకు పైగా రాతికట్టడం లేపారు. 1852లో పూర్తి అయింది. మధ్యలో దొరకు జబ్బు చేస్తే ఓర్ అనే కెప్టెను పని చూశారు. కూలీలను కూడగట్టి నడిపించిన వీణెం వీరన్నగారిని ఆ ప్రాంతంవారు ఇప్పటికీ తలుచుకుంటారు. తట్టలు మోసిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు.

ఆనకట్ట సంగతి ఇంతటితో వదులుతాను. అందరికీ తెలిసినదే.

1860 ప్రాంతంలో ఉద్యోగం విరమించి ఇంగ్లండు వెళ్లారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. చివరికి డార్కింగ్ అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డారు. జనరల్ హోదా, పింఛను, తోట. మరొకరైతే మనవలతో ఆడుకుంటూ కూర్చునేవారు. ఈయన తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండిస్తే దిగుబడి ఎంత పెరుగుతుందో చూసేవారు. మిగతా పొద్దంతా ఇండియా గురించి కాగితాలు రాసేవారు.

ఇంతలో 1876 వచ్చింది. మన పెద్దవాళ్లు ధాత కరువు అనేది అదే. దక్షిణ దేశంలో అరకోటికి పైగా జనం చనిపోయారు. నిజాం రాష్ట్రపు పడమటి జిల్లాలూ మాడిపోయాయి. ఆ రెండేళ్లూ గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రం పండాయి. తాము తిని ఇతర జిల్లాలకు ధాన్యం పంపాయి. డెబ్బై దాటిన ముసలాయనకు ఇది చూసి సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. రైళ్లమీద కోట్లు కుమ్మరించారు, అందులో కొంత కాలవలమీద పెట్టి ఉంటే ఈ చావులు ఉండేవా అని సభల్లో మాట్లాడారు, కరపత్రాలు అచ్చు వేశారు. మనుషుల్ని ఆకలికి వదిలిన ప్రభుత్వం దేవుడి ముందు జవాబుదారీ అని నమ్మిన మనిషి ఆయన. 1878లో పార్లమెంటు ఉపసంఘం పిలిచి ప్రశ్నలు వేసింది. డెబ్బై అయిదేళ్ల మాజీ సైనికుడు తాను జీవితమంతా కొలిచిన ప్రభుత్వానికి ఎదురు నిలబడి సాక్ష్యం చెప్పారు. ఉపసంఘం ఆయన మాట ఒప్పుకోలేదు.

ఆయన చెప్పినవన్నీ సరి అని నేను అనను. గోదావరి ఎగువన దుమ్ముగూడెం వైపు పడవలు నడపాలన్న పథకాన్ని 1871లో వదిలేశారు. ఆయన పట్టుబట్టిన కర్నూలు-కడప కాలవ కంపెనీకి నష్టమే తెచ్చింది. చివరికి 1882లో ప్రభుత్వం కొనుక్కోవలసి వచ్చింది. రైలును అంతగా చిన్నచూపు చూడటం కూడా పొరపాటే. కాని ఆకలి విషయంలో ఆయన లెక్క తప్పలేదు.

ఆ రోజుల్లో ఆయనకు గట్టి తోడు నిలిచింది ఒక స్త్రీ. క్రిమియా యుద్ధంలో దీపం పట్టుకుని క్షతగాత్రుల మధ్య తిరిగిన ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆమె ఇండియాకు ఎన్నడూ రాలేదు. జబ్బుతో మంచం పట్టి కూడా మన రైతుల అప్పుల గురించి, నీళ్ల గురించి పుస్తకాలు తెప్పించుకుని చదివి, వ్యాసాలు రాసింది. కాటన్‌తో ఉత్తరాలు నడిపింది. ఒక యుద్ధంలో గాయాలు కట్టినామె, మరో యుద్ధంలో కోటలెక్కినాయన. ఇద్దరూ ముసలితనంలో నీటి కాలవల గురించి ఉత్తరాలు రాసుకోవటం నాకు ఎంతో బాగా అనిపిస్తుంది.

ఈ ముసలాయన మనకు తెలియటానికి ముఖ్య కారణం ఆయన కూతురు ఎలిజబెత్. 1842లో టాస్మేనియాలో పుట్టింది. ఆనకట్ట లేచే కాలానికి అయిదు నుంచి పదేళ్ల పిల్ల. పెద్దయ్యాక డార్కింగ్‌లో కూలిజనం సారా దుకాణాలకు పోకుండా ఒక కాఫీ గది తెరిచి, అక్కడే ప్రార్థనలు పెట్టింది. సారా వ్యతిరేక ఉద్యమం చూసిన మన సోదరీమణులకు ఆమె పని విలువ చెప్పనక్కరలేదు. 1877లో ఒక నౌకాసేనానిని పెళ్లాడి లేడీ హోప్ అయింది, నాలుగేళ్లకే భర్త పోయాడు. తండ్రి 1899 జులైలో తొంభై ఆరో ఏట కన్ను మూస్తే, మరుసటి ఏడాదే ఆయన జీవిత చరిత్ర అచ్చు వేయించింది. ఆ తరువాత కాటన్ గురించి రాసినవారంతా ఆ పుస్తకం దగ్గరికి వెళ్లవలసినవారే.

అయితే ఆమె రాసింది చదివేటప్పుడు కొంచెం జల్లెడ పట్టాలి. చనిపోయే ముందు డార్విన్ తన సిద్ధాంతం విషయమై పశ్చాత్తాపపడి బైబిలు చదువుతూ కనిపించాడని 1915లో ప్రచారంలోకి వచ్చిన కథ ఉంది చూడండి, అది చెప్పింది ఈమే. డార్విన్ కూతురు హెన్రియెటా, మా నాన్న మంచం దగ్గర ఉన్నది నేను, ఈవిడ ఆ సమయంలో రానేలేదు అని 1922లో గట్టిగా ఖండించింది. ఒక తండ్రి కూతురు చెప్పినదాన్ని మరో తండ్రి కూతురు కాదన్నది! నేను హెన్రియెటా వైపే. కాబట్టి లేడీ హోప్ తన తండ్రి భక్తి గురించి రాసిన చోట్ల కాస్త మెరుగు పెట్టి ఉంటుందేమోనన్న అనుమానం ఉంచుకోవచ్చు. కరువు గురించి ఆయన పడిన ఆవేదనకు మాత్రం ఆమె సాక్ష్యంతో పనిలేదు. పార్లమెంటు కాగితాల్లోనే ఉంది.

పాత ఆనకట్ట బలహీనపడ్డాక కొత్త బరాజ్ కట్టి, 1982లో పూర్తిచేసి, దానికీ ఆయన పేరే పెట్టారు. దొర సమాధి డార్కింగ్‌లో ఉంది. లేడీ హోప్ 1922 మార్చిలో, హెన్రియెటా ఖండన వెలువడిన కొద్ది రోజులకే, ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మరణించింది.